వార్షిక నివేదిక: ఈ ఏడాది యార్క్ యాత్ర

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. వాటి ఖర్చుల లెక్క కోశాధికారి విడిగా చదివి వినిపిస్తారు. ఈసారి కాస్త వివరంగా చెప్పుకోవాల్సింది వేసవిలో ఇంగ్లండ్‌లోని యార్క్‌కి వెళ్లిన యాత్ర గురించి. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు నెలల తరబడి ఇంట్లోనే కూర్చుంటున్నారని కమిటీలో చాలాసార్లు అనుకున్నాం. యార్క్ ఎంచుకోవడానికి కారణం అదే. రోమన్లు క్రీ.శ. 71లో కోట కట్టిన ఆ ఊళ్లో చూడాల్సినవి చాలావరకు నడిచే దూరంలోనే ఉన్నాయి.

పొద్దున బూథమ్ బార్ దగ్గర కోటగోడ ఎక్కి మంక్ బార్ దాకా నడిచాం (ఇక్కడ బార్ అంటే కోటగోడ ద్వారం). మిన్‌స్టర్ చర్చి బాగా కనిపించేది ఈ దారిలోనే, పైగా టికెట్ లేదు. గోడకి లోపలి వైపు కొన్నిచోట్ల రెయిలింగ్ ఉండదు కాబట్టి చిన్నపిల్లల చెయ్యి వదలకూడదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లు ఎక్కకుండా మ్యూజియం గార్డెన్స్‌లో కూర్చున్నారు. మధ్యాహ్నం అందరం అక్కడే, పాడుబడ్డ సెయింట్ మేరీ మఠం గోడల పక్కన పులిహోర, పెరుగన్నం తిన్నాం.

మిన్‌స్టర్ టికెట్ ఖరీదెక్కువని కొందరు గొణిగారు. తూర్పు కిటికీ ముందు నిలబడ్డాక ఆ గొణుగుడు ఆగిపోయింది. సృష్టి మొదలు లోకాంతం దాకా కథంతా రంగుటద్దాల్లోనే ఉంది. 1405లో జాన్ థార్న్‌టన్ అనే రంగుటద్దాల పనివాడు ఆ పని ఒప్పుకుని మూడేళ్లలో ముగించాడు. గడువులోగా అయితే అదనంగా 10 పౌండ్లు ఇస్తామన్నది ఒప్పందం. మన ఇళ్లకి ఎక్స్‌టెన్షన్ కట్టే బిల్డర్లతో కూడా ఇలాగే రాయించుకోవాలని ఒకరన్నారు, అందరూ ఒప్పుకున్నారు.

క్లిఫర్డ్స్ టవర్ దగ్గర మాత్రం ఎవరూ జోకులు వేయలేదు. 1190 మార్చిలో ఊరివాళ్ల దాడికి భయపడి సుమారు 150 మంది యూదులు అప్పటి చెక్కకోటలో తలదాచుకున్నారు. అల్లరిమూక చుట్టుముట్టింది. చాలామంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు, మిగిలినవాళ్లను బయటికి రప్పించి చంపేశారు. ఇప్పుడున్న రాతి బురుజు ఆ తర్వాతి శతాబ్దంలో కట్టింది. పిల్లలకి ఇవన్నీ చెప్పాలా అని కొందరు అడిగారు. చెప్పాలనే నా అభిప్రాయం.

షాంబుల్స్ వీధిలో జనం తోపులాటే తప్ప పెద్దగా చూసిందేమీ లేదు. స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగుల కాలపు యార్క్‌ని చూపించే జోర్విక్ వైకింగ్ సెంటర్‌కి ముందే స్లాట్ బుక్ చేసుకున్నవాళ్లే వెళ్లారు. ఆ కాలపు ఊరి కంపు కూడా లోపల పుట్టిస్తారు, పిల్లలు ముక్కులు మూసుకుని బయటికొచ్చారు.

పెద్దవాళ్లకి అన్నిటికన్నా నచ్చింది నేషనల్ రైల్వే మ్యూజియం. 1938లో గంటకి 126 మైళ్ల వేగంతో ఆవిరి ఇంజన్ల రికార్డు కొట్టిన మల్లార్డ్ అక్కడుంది. దాన్ని వదిలేసి, నిలువునా కోసి లోపలి భాగాలు కనిపించేలా పెట్టిన మరో ఇంజన్ దగ్గర మన బాబాయిగారొకరు ఆగిపోయారు. ఆయన కాజీపేట లోకోషెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు. మంట ఎక్కడ, నీళ్లు ఎక్కడ, ఆవిరి ఏ గొట్టంలోంచి సిలిండర్‌కి వెళ్తుందో వేలితో చూపిస్తుంటే మన పిల్లలతో పాటు ఇంగ్లీషు పిల్లలూ చుట్టూ చేరారు. వాళ్లకి ఆయన మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. బస్సు టైమైందని మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

వచ్చే వేసవికి డర్హమ్, చెస్టర్ పేర్లు వచ్చాయి. ఏ ఊరికి వెళ్లాలో ఈ సర్వసభ్య సమావేశంలోనే చేతులెత్తి తేల్చుకుందాం. ఎక్కడికి వెళ్లినా పెద్దవాళ్ల బస్సు ఖర్చు సంఘమే పెట్టుకోవాలని కమిటీ ప్రతిపాదిస్తోంది.

— కార్యదర్శి