చింటూ వచ్చేలోపు ఇది చదువు

రాజమండ్రి,
ఫిబ్రవరి 3

చి.ల.సౌ. స్వాతికి,
అమ్మ ఆశీస్సులు.

ఆదివారం తెల్లారుజామున నాన్న మీ కుక్క చింటూని కారెక్కించుకుని బయల్దేరతారు. ఫోన్లో చెబుదామంటే ఆఫీసు హడావుడిలో నువ్వు సగమే వింటావు. అందుకే రాసి కొరియర్లో వేస్తున్నాను. అల్లుడుగారిచేత కూడా చదివించు. ఇంట్లో ఇద్దరూ ఒకే తీరుగా ఉండకపోతే ఇక్కడ నాలుగు నెలలు పడ్డ కష్టం వృథా అయిపోతుంది.

అక్టోబర్లో వాణ్ణి ఇక్కడ దింపి వెళ్తూ ఎంత ఏడ్చావో నాకింకా కళ్ళముందే ఉంది. అపార్ట్‌మెంట్ వాళ్ళ నోటీసు చూపించావు. లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే మొరుగుడు, ఎదురింటి బెల్లు మోగితే మొరుగుడు, డెలివరీ కుర్రాడు మెట్లెక్కితే మొరుగుడు. మెడకి షాక్ కొట్టే పట్టీ ఒకటి ఆన్‌లైన్లో చూశానన్నావు. ఆ మాట వినగానే, వద్దు, వాణ్ణి నాకిచ్చెయ్యి అన్నాను గుర్తుందా? ఎందుకన్నానో అప్పుడు చెప్పలేదు.

1998లో, నీకు మూడేళ్ళప్పుడు, పాత ఇంట్లో టామీ అని ఉండేవాడు. గేటు పక్కన గొలుసుతో కట్టేసేదాన్ని. వీధిలో ఎవరు నడిచినా మొరిగేవాడు. నీకు నిద్రాభంగం అవుతోందని పేపరు చుట్టి మూతి మీద కొట్టేదాన్ని. గుర్రుమంటే ఇంకో రెండు వేసేదాన్ని. నెల తిరిగేసరికి నోరు పడిపోయింది. బాగుపడ్డాడనుకున్నాను. ఒకరోజు కరెంటు మీటరు చూడ్డానికొచ్చినాయన గేటు తీసుకుని లోపలికొచ్చాడు. టామీ మొరగలేదు, కనీసం గుర్రుమనలేదు. లేచి నేరుగా పిక్క పట్టేశాడు. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ ఇంజక్షన్లు పొడిచేవారు. నాన్న రోజూ ఆయన్ని స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చేవారు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆయన మొహం చూడ్డానికి తల లేచేది కాదు. మొరిగితే దెబ్బ పడుతుందని నేర్పానే గానీ, వచ్చేవాళ్ళని చూసి కంగారు పడక్కర్లేదని టామీకి నేర్పలేదు. లోపలి భయం లోపలే ఉండిపోయింది. ముందుగా చెప్పే అరుపొక్కటే పోయింది. మొరిగే కుక్క కరవదంటారు, నమ్మకు. కరుస్తుంది. కాకపోతే మొరిగినంతసేపూ మనం జాగ్రత్తపడడానికి వ్యవధి ఉంటుంది.

అందుకని చింటూని మొదటి వారం ఏమీ అనలేదు. పాలపద్దు పుస్తకం వెనక పేజీల్లో వాడు దేనికి మొరిగాడో, ఎంతసేపు మొరిగాడో రాసుకున్నాను. చెత్తబండి పాట, గ్యాసు సిలిండరు దొర్లించే చప్పుడు, ఎదురింటి గేటు గడియ, కొబ్బరిబోండాల అబ్బాయి కేక. పక్కింటి మిక్సీకి మొరగడు, రైలు కూతకి మొరగడు. మనిషి వస్తున్న చప్పుడైతేనే మొరుగుతాడు. ఒక్కోసారి మనకేమీ వినపడకుండానే లేచేవాడు. దాని గురించి పశువుల డాక్టరుగారిని అడిగాను. మన చెవులు 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయట, కుక్కలకి 45 వేల దాకా వినిపిస్తుందట. కాబట్టి ఊరికే మొరుగుతున్నాడని విసుక్కోకు.

ఇంకొకటి కూడా ఆ పుస్తకం చూస్తేనే తెలిసింది. చెత్తబండి ఎలాగూ ముందుకెళ్ళిపోతుంది. వాడి లెక్కలో మాత్రం తను మొరిగాడు కాబట్టే పారిపోయింది. రోజుకి పదిసార్లు గెలుస్తున్నవాడు ఎందుకు మానేస్తాడు చెప్పు! పైగా నువ్వు హాల్లోంచి గట్టిగా అరుస్తావు కదా, వాడికి అది ఇంటావిడ కూడా తనతో గొంతు కలిపినట్టే.

కిటికీ కింద ఉన్న సోఫాని పక్కకి జరిపేశాను, అదే వాడి కాపలా స్థలం. కింది అద్దాలకి మసక స్టిక్కరు వేయించాను. ఈ రెండింటితోనే సగం మొరుగుడు తగ్గింది. మీ బాల్కనీ గ్రిల్లుకి నడుమెత్తు దాకా ఆకుపచ్చ నెట్ కట్టించు. వాడి పడక గుమ్మం దగ్గర వెయ్యకు, లోపలి గది తలుపు పక్కన వెయ్యి.

ఇక అసలు సంగతి. వాడు మొరిగేముందు ఏమవుతుందో ఎప్పుడైనా చూశావా? నేను వంటింటి గుమ్మంలో కూరలు తరుగుతూ చూసేదాన్ని. పడుకున్నవాడి కుడిచెవి లేస్తుంది. తర్వాత గడ్డం నేల మీంచి లేస్తుంది. తెరిచి ఉన్న నోరు మూతపడుతుంది, డొక్కలు కదలడం ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు మొదటి అరుపు. ఆ కాస్త సందులోనే మన పని అయిపోవాలి. చెవి లేవగానే మెల్లిగా "చూశాన్లే నాన్నా" అని, ఉడికించిన చికెన్ ముక్క వాడి బొంత మీద వేస్తాను. ముక్క శనగగింజంత ఉంటే చాలు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వకు. రాత్రి తిండిలో ఆ మేరకు తగ్గించు. మొదట్లో నేను నిజంగానే గేటుదాకా వెళ్ళి చూసి వచ్చేదాన్ని. ఇప్పుడు ఆ మాట చాలు. చప్పుడు ముందు, మాట తర్వాత, ముక్క ఆ తర్వాత. ఈ వరస తప్పకూడదు.

నువ్వు అందుకునేలోపే మొరగడం మొదలుపెడితే అరవకు. మధ్యలో ఊపిరికి ఆగుతాడు, అప్పుడు అను. ముక్క ముక్కు దగ్గర పెట్టినా చూడకుండా మొరుగుతున్నాడంటే చప్పుడు వాడికి మరీ దగ్గరైందన్నమాట. లోపలి గదిలోకి తీసుకెళ్ళిపో, ఆ పూటకి నేర్పడాలేమీ పెట్టుకోకు.

నవంబర్లో మీ లిఫ్ట్ చప్పుడు రికార్డు చేసి పంపమంటే నవ్వావు. ఆ "ప్లీజ్ క్లోజ్ ది డోర్" గొంతుని మన హాల్లో మూడు వారాలు రోజుకి రెండుసార్లు, అయిదేసి నిమిషాలు వినిపించాను. మొదట దాదాపు వినపడనంత చిన్నగా, ప్రతిసారీ వెంటనే ముక్క. తర్వాత ఒక్కో గీత పెంచుకుంటూ వెళ్ళాను. మొరిగితే రెండు గీతలు వెనక్కి. నాన్న ఒకసారి తొందరపడి ఒక్కసారిగా పెంచేసరికి నాలుగు రోజుల పని పోయింది.

దీపావళి టపాసుల సంగతి వేరు. అప్పుడు తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వణికిపోయాడు. అది కాపలా కాదు, భయం. ఆ రాత్రి లోపలి గదిలో ఫ్యాను పెద్దదిగా పెట్టి పక్కనే కూర్చున్నాను, అంతే.

ధనుర్మాసంలో హరిదాసు వచ్చిన మొదటి రోజు చింటూ చేసిన గోల ఇంతా అంతా కాదు. ఆ తంబురా, ఆ చిడతలు, తలమీద పాత్ర! గేటు దాకా దూకబోతే పట్టుకుని లోపల పెట్టాను. మర్నాటి నుంచి తంబురా వీధి చివర వినిపించగానే మొదలుపెట్టేదాన్ని, అది దగ్గరయ్యేకొద్దీ ముక్కలు వేస్తూ. భోగినాడు నేను చేటలో బియ్యం పట్టుకుని ఉన్నాను. చింటూ రెండే రెండుసార్లు మొరిగి నా వైపు చూశాడు. "చూశాన్లే నాన్నా" అన్నాను. తనంతట తనే వెళ్ళి బొంత మీద కూర్చున్నాడు. హరిదాసు వంగి, నేను పాత్రలో బియ్యం పోసి తిరిగి వచ్చేదాకా కదల్లేదు. చేటతో సహా అక్కడే చతికిలబడి వాణ్ణి దగ్గరికి తీసుకున్నాను. ఆ రెండు అరుపులూ ఉండనీ స్వాతీ. వాటిని కూడా మాన్పించాలని చూడకు.

అక్కడికి వచ్చాక కొన్నాళ్ళు మళ్ళీ మొదలుపెడతాడు. చోటు మారితే వాడికి పాఠం కొత్తే. పొద్దున, సాయంత్రం అరగంట నడిపించు, లాక్కుంటూ పోకుండా వాసనలు చూడనివ్వు. ఎదురింటివాళ్ళ దగ్గరికి నువ్వే వెళ్ళి, నేర్పిస్తున్నాం, పదిహేను రోజులు ఓపిక పట్టండని అడుగు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కల్ని అపార్ట్‌మెంట్ సంఘాలు నిషేధించకూడదు, లిఫ్ట్ ఎక్కనివ్వం అనకూడదు. కానీ ఆ కాగితం పట్టుకుని గొడవకి వెళ్ళకు. రాత్రిపూట కుక్క అరుపుతో పక్కవాళ్ళకి ఇబ్బంది కలగకుండా చూసుకోమని కూడా అందులోనే ఉంది. ఆ ఇంట్లో పరీక్షలకి చదివే పిల్ల ఉందన్నావు కదా. రాత్రి తొమ్మిది దాటాక వాణ్ణి బాల్కనీలోకి వదలకు.

వాడి బొంత వేరే సంచిలో పెట్టాను. నా పాత చీరలతో కుట్టింది. మురికిగా ఉందని ఉతకకు, కొన్నాళ్ళు ఆ వాసన అలాగే ఉండనీ. వాడు కారు దిగే ముందే దాన్ని పరిచి ఉంచు. చికెన్ ముక్కలు శనివారం రాత్రే ఉడికించి డబ్బాలో పెట్టుకో. మొదటిసారి ఎక్కేది మీ లిఫ్టేగా.

నాన్నకి దారిలో తిండి పడదు, వచ్చేసరికి పప్పూ చారూ చేసి ఉంచు.

అమ్మ