రాసి పెట్టుకో శ్రీనూ, నా జోస్యాలు ఇవి

విశాఖపట్నం,
2025 డిసెంబర్ 8

ఒరేయ్ శ్రీనూ,

ఎలా ఉన్నావురా? మస్కట్‌లో ఎండలు తగ్గాయా? ఫోన్ చేస్తే ఐదు నిమిషాలకే డ్యూటీ టైమైందంటావు. ఆటల గురించి నాతో ఓపిగ్గా మాట్లాడేవాడివి నువ్వొక్కడివే. అందుకే మనసులో ఉన్నదంతా కాగితం మీద పెడుతున్నాను. తీరిక దొరికినప్పుడు టీ పెట్టుకుని చదువు.

ముందు మొన్న శనివారం సంగతి చెప్పాలి. మన పీఎం పాలెం స్టేడియంలో సౌతాఫ్రికాతో మూడో వన్డే జరిగింది, నేను వెళ్ళాను. వరసగా ఇరవై వన్డేల్లో టాస్ ఓడిన మనవాళ్ళు ఆ రోజు టాస్ గెలిచారు. రాహుల్ నవ్వుతుంటే స్టాండ్స్‌లో మ్యాచ్ గెలిచినంత గోల! డికాక్ సెంచరీ కొట్టినా వాళ్ళని 270కి ఆపేశారు. కుల్దీప్‌కి నాలుగు వికెట్లు, ప్రసిద్ధ్‌కి నాలుగు. ఆ తర్వాత జైస్వాల్ 116 నాటౌట్, రోహిత్ 75, కోహ్లీ 65 నాటౌట్. ఇంకా పది ఓవర్లు ఉండగానే పని అయిపోయింది.

ఇంటికొస్తుంటే 2005 ఏప్రిల్ 5 గుర్తొచ్చిందిరా. ఇదే స్టేడియం, పాకిస్తాన్‌తో మ్యాచ్, మనిద్దరం కాలేజీ ఎగ్గొట్టి వెళ్ళాం. పొడుగు జుట్టు కుర్రాడు ఒకడు మూడో నంబర్‌లో వచ్చి 148 కొట్టాడు. అప్పటికి ధోనీ అంటే ఎవరో మన క్లాసులో సగం మందికి తెలీదు. 'వీడు చాలా దూరం వెళ్తాడు చూడు' అని నువ్వు అక్కడే అన్నావు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ మాట చెప్పుకుంటూనే ఉన్నావు కదా. ఇప్పుడు నా వంతు. కింద రాసినవన్నీ దాచిపెట్టు, వచ్చే ఏడాది లెక్క చూసుకుందాం.

నా జోస్యాలన్నిటికీ వెనక ఒకటే ఆలోచన ఉంది. ఈ ఏడాది అన్ని ఆటలూ చూశాక నాకది బాగా పట్టుకుంది. ఒక్కడి భుజాల మీద కూర్చున్న జట్టు కప్పు దాకా వెళ్ళదు. వెళ్ళినా చివరి రోజు జారిపోతుంది. ఇది నాకు తెలిసొచ్చింది మన ఊళ్ళోనే, అక్టోబర్ 12న.

ఆ రోజు ఆడవాళ్ళ వరల్డ్ కప్‌లో ఆస్ట్రేలియా మ్యాచ్. మా పాపని తీసుకెళ్ళాను. స్టేడియంలో స్టాండ్‌లకి మిథాలీ రాజ్ పేరు, మన విజయవాడ కీపర్ రావి కల్పన పేరు పెట్టింది కూడా ఆ రోజే. స్మృతి 80, ప్రతీక 75 కొట్టి మంచి ఆరంభం ఇచ్చారు. కానీ చివర్లో వికెట్లు టపటపా రాలిపోయాయి. 330కే అందరూ ఔట్, ఇంకా ఏడు బంతులు మిగిలే ఉన్నాయి. ఆ ఏడు బంతులు నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. హీలీ 142 కొట్టి మ్యాచ్ లాగేసుకుంది. మా కడప అమ్మాయి శ్రీచరణి ఒక్కతే మూడు వికెట్లు తీసి పోరాడింది. మా పాప ఏడుస్తూ బస్సెక్కింది.

అదే జట్టు మూడు వారాలకి కప్పు ఎత్తింది. ఎలా ఎత్తిందో చూడు. సెమీస్‌కి ముందు ప్రతీక గాయపడితే షెఫాలీని పిలిచారు. అసలు జట్టులోనే లేని పిల్ల ఆమె. సెమీస్‌లో అదే ఆస్ట్రేలియా మీద 339 కొట్టాలి. స్మృతి, షెఫాలీ ఇద్దరూ తొందరగా పోయారు. జెమీమా 127 నాటౌట్‌గా నిలబడింది. ఫైనల్లో ఆ షెఫాలీయే 87 కొట్టి, బంతితో రెండు వికెట్లు తీసింది. దీప్తి 58 పరుగులు, ఐదు వికెట్లు. నవంబర్ 2 రాత్రి మా వీధంతా మేలుకునే ఉంది. రోజుకొకరు మోశారురా ఆ జట్టుని. ఒకరు పడిపోతే ఇంకొకరు లేచారు.

శ్రీచరణి గురించి ఇంకాస్త రాయాలి. ఎర్రమల్లె అనే పల్లెటూరు నుంచి వచ్చిన పిల్ల. వాళ్ళ నాన్న థర్మల్ పవర్ ప్లాంట్‌లో ఉద్యోగి. చిన్నప్పుడు ఖోఖో, బ్యాడ్మింటన్, పరుగు పందేలు ఆడి, పదహారేళ్ళకి గానీ క్రికెట్‌కి రాలేదట. వరల్డ్ కప్‌లో పద్నాలుగు వికెట్లు. నాకు నచ్చేది ఆమె గుండె నిబ్బరం. సిక్స్ కొట్టించుకున్నాక చాలామంది కుర్ర స్పిన్నర్లు బంతిని వేగంగా, పొట్టిగా వేస్తారు. ఈ పిల్ల మళ్ళీ గాల్లోకే వదులుతుంది. జనవరిలో మొదలయ్యే ఆడవాళ్ళ ఐపీఎల్, అదే డబ్ల్యూపీఎల్‌లో ఢిల్లీకి ఆడుతుంది. ఆ జట్టు వరసగా మూడు ఫైనల్స్ ఓడింది. ఈసారి కూడా ఫైనల్‌కి వస్తుందని నా మాట. కప్పు కూడా రావాలని ఆశ. మొదటి జోస్యం రాసుకో.

ఇక ప్రో కబడ్డీలో మన తెలుగు టైటాన్స్. నువ్వు చూడ్డం మానేశానన్నావు, నిన్ను తప్పు పట్టను. ఎనిమిదో సీజన్‌లో ఒక్క గెలుపు, తొమ్మిదిలో రెండు, పదిలో రెండు. మూడు సీజన్లకి 66 మ్యాచ్‌లు, ఐదే గెలుపులు! కూతకెళ్ళే రైడర్ పవన్ సెహ్రావత్‌ని తొమ్మిదో సీజన్‌కి తమిళ్ తలైవాస్ రెండు కోట్లు దాటి పోసి కొన్నారు, అతను మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బ తిని కూలబడ్డాడు. మరుసటి ఏడాది మనవాళ్ళు అతనికి ఇంకా ఎక్కువ పోశారు. అతను బాగానే ఆడాడు, జట్టు ఓడిపోయింది. చెడుగుడు ఆడిన వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. కూతకెళ్ళిన వాడు దొరికిపోతే, మనవాళ్ళు ఒక పాయింటు తెచ్చేదాకా బయట కూర్చోవాలి. ఉన్న ఒక్క రైడర్ బయట కూర్చుంటే మిగతావాళ్ళు కోర్టులో ఏం చేస్తారు? దిక్కులు చూడ్డమే.

ఈ ఏడాది కథ మారింది. సీజన్ మన వైజాగ్‌లోనే మొదలైంది. మొదటి రోజు తమిళ్ తలైవాస్ చేతిలో 38-35తో ఓడిపోయాం. పాత కథే అనుకుని బయటికొచ్చాను. కానీ విజయ్ మాలిక్, భరత్ హుడా ఇద్దరూ పంచుకుని కూతలేశారు. ఒకడు బెంచీ మీదున్నా రెండోవాడు ఉన్నాడన్న ధైర్యంతో డిఫెన్స్ కూడా ముందుకొచ్చి పట్టింది. ఫైనల్‌కి ముందు మెట్టు, క్వాలిఫయర్ 2 దాకా వెళ్ళారు! అక్కడ పుణేరి పల్టన్‌తో 50-45. ఐదు పాయింట్లు, అంతే. భరత్ ఆ రాత్రి ఆడిన ఆట చూసి ఉంటే నువ్వు మస్కట్‌లో కుర్చీ మీద నుంచి లేచేవాడివి. ఈ ఇద్దరినీ కలిపి ఉంచితే వచ్చే సీజన్‌లో టైటాన్స్ ఫైనల్ ఆడతారు. పెద్ద పేరు కోసం ఇద్దరినీ వదులుకుంటే మళ్ళీ అడుక్కే.

ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్ మాటెత్తగానే నీకు బీపీ వస్తుందని తెలుసు, అయినా రాస్తాను. 2024లో 277, 287 కొట్టారు. ఢిల్లీ మీద ఆరు ఓవర్లకే 125. ఫైనల్లో చెపాక్ పిచ్ మీద 113 ఆలౌట్. బంతి కాస్త ఆగి వస్తే ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ఈ ఏడాదీ అంతే. మొదటి మ్యాచ్‌లో 286, పంజాబ్ మీద అభిషేక్ 55 బంతుల్లో 141, చివరికి ఆరో స్థానం. 2016లో కప్పు గెలిచినప్పుడు మన బలం భువనేశ్వర్, ముస్తాఫిజుర్. ఫైనల్లో బెంగళూరుని ఎనిమిది పరుగుల తేడాతో ఆపింది బౌలర్లే. ఇప్పుడు చూస్తే షమీని లక్నోకి పంపేశారు, జంపానీ రాహుల్ చాహర్‌నీ వదిలేశారు. 16న అబుదాబీలో వేలం. అక్కడ ఒక మంచి స్పిన్నర్‌ని కొంటే ప్లేఆఫ్స్, ఇంకో హిట్టర్‌ని కొంటే మళ్ళీ ఆరో ఏడో స్థానం. రెండింటిలో ఏదో వేలం రోజు రాత్రే నీకు తెలిసిపోతుంది.

ఫిబ్రవరిలో టీ20 వరల్డ్ కప్ మాత్రం మనదే. అభిషేక్ మొదటి ఆరు ఓవర్లు చూసుకుంటాడు, అందరూ అతని గురించే మాట్లాడతారు. నేను మాత్రం మన హైదరాబాద్ తిలక్ వర్మని నమ్ముకున్నాను. ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద 20కే మూడు వికెట్లు పోతే 69 నాటౌట్‌తో చివరిదాకా ఉన్నది అతనే. నాకౌట్‌లో అలాంటి రోజు ఇంకొకటి వస్తుంది, ఆ రోజు తిలకే ఆడతాడు. ఇది నేను గట్టిగా చెబుతున్న జోస్యం.

బ్యాడ్మింటన్ గురించి రాయాలంటే నాకు చెయ్యి ఆగదు. వచ్చే ఆగస్టులో వరల్డ్ చాంపియన్‌షిప్స్ ఢిల్లీలో జరుగుతాయి. మన అమలాపురం సాత్విక్, చిరాగ్ ఈ ఏడాది పారిస్‌లో కాంస్యం తెచ్చారు. ఆ పారిస్‌లోనే, అదే హాల్లో, 2024 ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మలేషియా జంట చియా, సో చేతిలో ఓడి ఏడ్చారు. ఈసారి అదే జంటని క్వార్టర్స్‌లో రెండు గేముల్లో ఓడించారు. దానికి ఆరు నెలల ముందే, ఫిబ్రవరిలో, సాత్విక్ నాన్నగారు పోయారు. ఆ దుఃఖం మోసుకుంటూ ఆడిన పిల్లాడు వాడు. తర్వాత హాంకాంగ్‌లోనూ చైనాలోనూ ఫైనల్ దాకా వెళ్ళి ఆగిపోయారు. అందరూ సాత్విక్ స్మాష్ గురించి చెబుతారు, 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డు. నేను చూసేది నెట్ దగ్గర చిరాగ్‌ని. అతను మొదటి రెండు మూడు షాట్లలో బంతిని, అదే షటిల్‌ని, పైకి లేపిస్తేనే సాత్విక్ వెనక నుంచి కొట్టగలడు. ఫైనల్స్ ఓడినప్పుడల్లా ఆ సర్వీస్, రిటర్న్ దగ్గరే పట్టు తప్పుతోంది. అది సరిచేసుకుంటే ఢిల్లీలో స్వర్ణం వీళ్ళదే. మన దేశానికి డబుల్స్‌లో ఇంతవరకు రాని ప్రపంచ టైటిల్ అది.

సింధు గాయంతో అక్టోబర్ నుంచి ఆడటం లేదు. ఇంక అయిపోయిందనేవాళ్ళతో మా ఆఫీసులో రోజూ గొడవ పడుతున్నాను. ఆగస్టులో పారిస్‌లో ప్రపంచ రెండో ర్యాంకు వాంగ్ ఝీయీని ఓడించింది ఎవరు? ముప్పై ఏళ్ళ సింధు కాదా? మామూలు టోర్నీల్లో తడబడినా పెద్ద వేదిక మీద ఆమె వేరే మనిషి. ఇప్పటికి ఐదు ప్రపంచ పతకాలున్నాయి. ఢిల్లీలో ఆరోది వస్తుంది. దీనికి నా దగ్గర లెక్కలేమీ లేవు, నమ్మకం ఉంది.

చదరంగం క్లుప్తంగా రాస్తాను. మన వరంగల్ అర్జున్ గోవాలో వరల్డ్ కప్ క్వార్టర్స్‌లో వెయ్ యీ చేతిలో ఓడాడు, ప్రపంచ చాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే క్యాండిడేట్స్ టోర్నీకి దారి మూసుకుపోయింది. 2800 రేటింగ్ దాటిన వాడికి ఇలా జరగడం బాధగా ఉంది. హంపి మాత్రం ఆడవాళ్ళ క్యాండిడేట్స్‌కి అర్హత తెచ్చుకుంది. దివ్య, వైశాలి కూడా ఉన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, తన వయసులో సగం ఉన్న దివ్యతో వరల్డ్ కప్ ఫైనల్ ఆడిన మనిషి ఆమె. గుడివాడలో మొదలుపెట్టి పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ఒక్కసారైనా ఆ ప్రపంచ కిరీటం ఆమె తల మీద చూడాలి.

ఇప్పుడు బాధ కలిగించే సంగతి. ఈ నెల 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వస్తున్నాడు. మా తమ్ముడు టికెట్ కొన్నాడు, వాడి సంతోషం చూస్తే నాకూ సంతోషమే. కానీ ఆ ఊరికి ఇప్పుడు మన ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్‌లో జట్టే లేదురా. 2022 మార్చిలో గోవాలో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ, ఈ అక్టోబరులో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. రహీం సాబ్ ఊరు అది! ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే మనం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచాం, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచాం. అప్పట్లో హైదరాబాద్ పోలీసు జట్టు రోవర్స్ కప్‌ని వరసగా ఐదేళ్ళు ఇంటికి తెచ్చింది. ఈ ఏడాది ఐఎస్ఎల్ ఇంకా మొదలే కాలేదు. 13న స్టేడియం నిండుతుంది. 14న ఆ ఊరి పిల్లలు ఎవరి జెర్సీ వేసుకుని ఎవరి కోసం అరవాలి? ఈ విషయంలో మంచి జోస్యం చెప్పాలని ఎంత ప్రయత్నించినా నాకు రాలేదు.

ఒకటి మర్చిపోయాను. 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ ఆర్చరీ మిక్స్‌డ్ టీమ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది. మన విజయవాడ జ్యోతి సురేఖ ఏషియన్ గేమ్స్‌లో మూడు స్వర్ణాలు కొట్టినా, ఆమె ఆడే విభాగమే లేక ఇన్నాళ్ళూ ఒలింపిక్స్‌కి వెళ్ళలేకపోయింది. ఇప్పుడు తలుపు తెరుచుకుంది. పతకం ఖాయం. తేదీ వేసి రాసి పెట్టుకో.

మా పాప సంగతి చెప్పి ముగిస్తాను. వరల్డ్ కప్ తర్వాత ఎడమ చేత్తో బౌలింగ్ వేస్తానని పట్టుబట్టింది. దాన్ని తీసుకుని దగ్గర్లో ఒక కోచింగ్ సెంటర్‌కి వెళ్తే, ఆడపిల్లల బ్యాచ్ లేదండీ అన్నారు. కొంచెం దూరమైనా ఇంకో చోట దొరికింది. మగపిల్లలతో కలిపే నేర్పుతున్నారు. పొద్దున్న ఐదున్నరకి బండి మీద దించి వస్తున్నాను. నిన్న నెట్స్‌లో తనకంటే పెద్ద కుర్రాడిని బౌల్డ్ చేసిందట, ఆ సంగతి నాకు నాలుగుసార్లు చెప్పింది. నీకు కూడా రాయమంది, రాశాను.

సంక్రాంతికి వస్తావు కదా. ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తింటూ నీ జోస్యాలు వింటాను. వదినకి, పిల్లలకి అడిగానని చెప్పు. సన్‌రైజర్స్ ఎవర్ని కొన్నా వేలం రాత్రి మాత్రం ఫోన్ చెయ్యి, ఎంత ఆలస్యమైనా మేలుకునే ఉంటాను.

నీ
రాంబాబు