చేపల కత్తి పిడిలో లేని ఉక్కు గురించి తయారీ సంస్థకు ఫిర్యాదు

విశాఖపట్నం,
28 జులై 2025.

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ సంస్థ తయారుచేసిన పది అంగుళాల పెద్ద చేపల కత్తి అంచు పెచ్చులుగా ఊడటం, పిడి విరిగి నా చేతికి గాయం కావడం, జులై 21న మీరు పంపిన తిరస్కరణ జవాబు గురించి.

అయ్యా,

నేను విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఇరవై రెండేళ్లుగా చేపలు కోసి బతుకుతున్నవాణ్ణి. తెల్లవారుజామున వేలంలో చేప పాడుకున్నవాళ్లు దాన్ని నా మొద్దు దగ్గరికి తెస్తే, కిలోకి ఇంత అని కూలి తీసుకొని, శుభ్రం చేసి ముక్కలు కొట్టి ఇస్తాను. చిన్న చేపలకు కత్తిపీట చాలు. వంజరం (మా దగ్గర కోనాం అంటాం), ట్యూనా, సొర వంటి పెద్ద చేపలు వచ్చినప్పుడు మాత్రం బరువైన కత్తి ఉండాలి. ఇన్నాళ్లూ నేను వాడింది లారీ కమాన్ పట్టాతో మా ఊరి కమ్మరి చేసిచ్చిన కత్తి. దానికి ఉన్న లోపం ఒక్కటే, ఉప్పునీటికి రోజూ తుప్పు పడుతుంది. తెల్లటి కోనాం ముక్క మీద తుప్పు మరక కనిపిస్తే కొనుక్కున్నవాళ్లు ముఖం చిట్లిస్తారు. ఆ ఒక్క కారణంతోనే స్టెయిన్‌లెస్ కత్తి వైపు చూశాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధం ముగిసిన వెంటనే, జూన్ 16న, మీ కత్తిని ఆన్‌లైన్‌లో 3,450 రూపాయలకు కొన్నాను. నన్ను కొనిపించినవి పెట్టె మీద ఉన్న మూడు విషయాలు. ఒకటి, పెద్ద చేప తలకాయను ఆ కత్తి రెండుగా చీలుస్తున్న బొమ్మ. రెండు, వెన్నుముల్లును కూడా సులువుగా కోస్తుందన్న మాట. మూడు, కత్తి అంచు నుంచి పిడి చివరిదాకా ఒకే ఉక్కు బద్ద ఉంటుందన్న హామీ. ఈ మూడింటినీ మీరు గుర్తు పెట్టుకోవాలని కోరుతున్నాను, ఎందుకంటే మీ జవాబులో వీటి ఊసే లేదు.

కత్తి వాడటం మొదలుపెట్టిన తొమ్మిదో రోజు, అంటే జూన్ 25న, ఒక పెళ్లివారి కోసం పదకొండు కిలోల కోనాం కోస్తున్నాను. కోనాన్ని మేము నిలువుగా చీల్చం, అడ్డంగా చక్రాల్లా కోస్తాం, కాబట్టి ప్రతి ముక్క మధ్యలో వెన్నుముల్లు గుండ్రంగా ఉండి తీరుతుంది. అంటే ఒక చేపను పాతిక ముక్కలు చేస్తే కత్తి పాతిక సార్లు ముల్లును దాటాలి. ఇది కత్తిని బలవంతపెట్టడం కాదు, చేప కోత అంటేనే ఇది. పద్నాలుగో ముక్క దగ్గర చేతికి గరగరమని తగిలింది. అంచు కడిగి వెలుతురులో చూస్తే రెండు చోట్ల బియ్యపు గింజంత మేర ఉక్కు ఎగిరిపోయి ఉంది.

ఎగిరిన ఆ రెండు పెచ్చులూ ఎక్కడ పడ్డాయన్న ఆలోచన రాగానే నాకు చెమటలు పట్టాయి. పెళ్లి భోజనంలో, అందులోనూ పిల్లలు తినే ముక్కలో, ఉక్కు పెచ్చు ఉంటే ఏమవుతుందో మీకు విడమరచి చెప్పనక్కర్లేదు. కత్తి ఉక్కు అయస్కాంతానికి అంటుకునే రకం కావడం మా అదృష్టం. పక్క దుకాణం నుంచి పాత స్పీకరులోని అయస్కాంతం తెచ్చి, దానికి పల్చటి ప్లాస్టిక్ సంచి చుట్టి, కోసిన ముక్కలన్నిటి మీదా, మొద్దు పగుళ్లలోనూ మెల్లగా తిప్పాం. ఒక పెచ్చు ముక్కలోనే దొరికింది, రెండోది ఎంత వెతికినా దొరకలేదు. పద్నాలుగు ముక్కలనూ పక్కన పడేసి, వాటి ఖరీదు పెళ్లివారికి నా చేతి డబ్బుతో కట్టాను. ఆ రోజు నాకు కూలి మిగల్లేదు సరికదా, ఎదురు పెట్టుబడి అయింది.

ఇలా ఎందుకు జరిగిందో నాకు తోచిన కారణం రాస్తాను, తప్పైతే మీ నిపుణులు సరిదిద్దవచ్చు. పెట్టె మీద కాఠిన్యం 60 రాక్‌వెల్ (ఉక్కు గట్టిదనాన్ని కొలిచే లెక్క) అని గొప్పగా వేశారు. పచ్చి చేపను ఎముక లేకుండా పల్చగా కోసే కత్తికి అంత కాఠిన్యం మంచిదే. ఎముక మీద దిగే కత్తికి అది గుణం కాదు. మాంసం కొట్టే కత్తులను అంతకన్నా మెత్తగా, యాభై అయిదు దరిదాపుల్లో ఉంచేది అంచు వంగితే వంగాలి గాని పెళుసుగా విరగకూడదనే. వంగిన అంచును సాన మీద రెండు నిమిషాల్లో సరిచేసుకోవచ్చు, ఎగిరిపోయిన ఉక్కును తిరిగి తేలేం. ఉక్కుకు నీరు పట్టడం, అంటే కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరచడం, ఎక్కువైతే గాజు అవుతుందని మా కమ్మరి ఎప్పుడూ అంటుండేవాడు. అంచును కూడా మీరు కూరగాయల కత్తిలా పల్చగా సానపట్టారు. చూపులకు బరువైన కత్తి, అంచు మాత్రం వంటింటి కత్తిది.

అయినా నేను అప్పుడే మీకు ఫిర్యాదు చేయలేదు. అంచును అరగదీసి, కాస్త మందంగా సానపట్టించుకొని వాడుకున్నాను. అది నా పొరపాటని ఇప్పుడు అనుకుంటున్నాను.

జులై 9న ఇరవై ఎనిమిది కిలోల పసుపు రెక్కల ట్యూనా నా మొద్దు మీదికి వచ్చింది. ట్యూనా ఒంటి వేడి సముద్రపు నీటి కన్నా ఎక్కువగా ఉంటుంది, మంచు సరిగా అందకపోతే మాంసంలో హిస్టమిన్ అనే హానికర పదార్థం పెరిగి తిన్నవాళ్లకు ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, అందుకే దాన్ని త్వరగా కోసి మంచులో పెట్టేయాలి. తలకాయ తీసేటప్పుడు ఈదురెక్క వెనుక నుంచి రెండు వైపులా ఏటవాలుగా కోసుకుంటూ వెన్నుముల్లు దాకా వెళ్లి, కత్తి మొదలును రెండు వెన్నుపూసల మధ్య ఉన్న కీలులో ఆనించి, అరచేత్తో కత్తి వెన్ను మీద ఒక్క నొక్కు నొక్కితే తలకాయ విడిపోతుంది. పూసను నరకాల్సిన పనే లేదు. ఆ కీలు ఎక్కడుందో వేలికి తెలియడమే మా పనిలో ఉన్న విద్య. ఆ రోజు కత్తి సరిగ్గా కీలులోనే ఉంది. నేను నొక్కగానే పిడి మొదట్లో టక్కున విరిగింది, కుడి చేతిలో పిడి మిగిలింది, ఆనించిన ఎడమ చెయ్యి కిందికి జారి అరచేయి అంచుకు తెగింది. అయిదు కుట్లు పడ్డాయి. చేపల నీళ్లు తగిలితే పుండు చీము పడుతుందని, పదిరోజులు తడి తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. చేపలు కోసేవాడికి తడి తగలకూడదంటే పని మానెయ్యడమే కదా. పదకొండు రోజులు ఇంట్లో కూర్చున్నాను.

ఇక విరిగిన చోట కనిపించింది చెబుతాను, ఈ ఉత్తరానికి అసలు కారణం అదే. పిడికి పైకి మూడు రివిట్లు కనిపిస్తాయి. లోపల ఉక్కు నాలుగు సెంటీమీటర్లకు మించి లేదు, అది కూడా పిడిలోకి వెళ్లేకొద్దీ వేలెడు వెడల్పు నుంచి పెన్సిలంత సన్నమైపోయింది. మొదటి రివిటు ఒక్కటే ఉక్కు గుండా పోయింది. మిగతా రెండూ ప్లాస్టిక్‌ను ప్లాస్టిక్‌తో పట్టి ఉంచాయి, అంటే అవి అలంకారం. ఆ సందులోకి ఉప్పునీరూ నెత్తురూ దిగి ఉక్కు గోధుమరంగులో గుంటలు పడి ఉంది, మూడు వారాల చేపల వాసన అక్కడే ముదిరి ఉంది. పిడి చివరిదాకా ఒకే ఉక్కు అని పెట్టె మీద అచ్చువేసిన సంస్థే ఆ రెండు ఉత్తుత్తి రివిట్లను బిగించింది. తయారీలో పొరపాటున ఒక రివిటు జారిపోవచ్చు, లేని ఉక్కును ఉన్నట్టు చూపడానికి రెండు రివిట్లు వాటంతట అవి వచ్చి కూర్చోవు.

దీని గురించి నేను చేసిన ఫిర్యాదుకు జులై 21న మీరు పంపిన జవాబులో, కత్తిని ఎముక మీద వాడటం దుర్వినియోగమని, అది వారంటీలోకి రాదని, పెట్టెలోని కాగితంలో ఆ సంగతి ఉందని రాశారు. ఆ కాగితం తీసి చూశాను. ఇంగ్లీషులో, భూతద్దం పెడితే గాని కనిపించని అక్షరాల్లో, చివరి నుంచి రెండో వరుసలో ఉంది. పెట్టె మీద తలకాయ చీల్చే బొమ్మ వేసి, పెట్టె లోపల తలకాయ చీల్చవద్దని రాయడంలో మీ సంస్థ ఏ మాటకు కట్టుబడిందో తెలియజేయగలరు. పైగా విరిగింది అంచు కాదు, పిడి. పిడి ఎముకకు తగల్లేదు. విరిగిన కత్తిని నా ఖర్చుతో పంపమని, తరవాతి కొనుగోలుపై ఇరవై శాతం తగ్గింపు ఇస్తామని కూడా రాశారు. అదే పిడి ఉన్న మరో కత్తిని తక్కువ ధరకు కొనుక్కోమనడం ఊరడింపు అనుకోమంటారా?

నేను వృత్తి కోసం కొన్నాను గనుక వినియోగదారుణ్ణి కానని కూడా జవాబులో ఒక వాక్యం ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, స్వయం ఉపాధితో జీవనం సాగించడానికి కొని సొంతంగా వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. సంస్థ ఇచ్చిన స్పష్టమైన హామీకి తగ్గట్టు వస్తువు లేక హాని జరిగితే తయారీదారు బాధ్యత వహించాలని అదే చట్టం చెబుతోంది. నేను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకునే వీలు కూడా అందులో ఉంది.

కాబట్టి కత్తి ధర 3,450 రూపాయలు, పెళ్లివారికి నేను కట్టిన 6,300 రూపాయలు, వైద్యానికి అయిన 2,180 రూపాయలు, పదకొండు రోజుల కూలి రోజుకు 900 చొప్పున 9,900 రూపాయలు, మొత్తం 21,830 రూపాయలు ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో చెల్లించవలసిందిగా కోరుతున్నాను. మారు కత్తి నాకు వద్దు. డబ్బు కన్నా ముందు చేయవలసినది ఇంకొకటుంది. ఇదే కత్తిని మా హార్బర్‌లో నాకు తెలిసి మరో ఇద్దరు కొన్నారు, వాళ్లకు నేను చెప్పి ఆపించాను. మిగతా ఊళ్లలో కొన్నవాళ్లకు చెప్పగలిగేది మీరే. పిడి లోపలి ఉక్కు సంగతి వాళ్లకు తెలియజేసి, అమ్ముడుపోని కత్తులను వెనక్కి తెప్పించి, పెట్టె మీది బొమ్మనూ హామీనీ తీసివేయించండి. గడువు లోపల మీ నుంచి సరైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915లోనూ, ఆ పైన జిల్లా కమిషన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేస్తాను.

కొనుగోలు రసీదు, ఆసుపత్రి చీటీలు, పెట్టెకూ లోపలి కాగితానికీ విరిగిన పిడికీ తీసిన ఫోటోలు దీనికి జతచేశాను. కత్తిని మాత్రం పంపడం లేదు. విరిగిన రెండు ముక్కలూ, అయస్కాంతానికి అంటుకున్న ఆ పెచ్చూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ సంస్థ తరఫున ఎవరైనా వచ్చి చూడదలిస్తే తెల్లవారుజామున నాలుగు నుంచి ఉదయం పది వరకు హార్బర్‌లో నా మొద్దు దగ్గరే ఉంటాను.

ఇట్లు,
మీ కత్తి కొన్న వినియోగదారుడు,
ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం.