పెద్దమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టలేదు

పింఛన్ల శాఖ చూసే మంత్రిగారికి,

నమస్కారం. తిరుపతిలో డిగ్రీ పిల్లలకు సమాజశాస్త్రం చెబుతాను. మాది చంద్రగిరి దగ్గర పల్లె.

మొన్న సంక్రాంతికి ఊరికి పోతే, మా పెద్దమ్మ ఇంటి పక్కన రేకులు దింపి వేరే పొయ్యి పెట్టుకుని ఉంది. కోడలితో పడలేదేమో అనుకున్నా. అదేం లేదు. కోడలు కెలికిన సంగటే ఇద్దరూ తింటున్నారు. ఆ పొయ్యి మీద ఒక్కనాడూ ఎసరు పెట్టలేదు. కొడుకు బెంగళూరులో ఉద్యోగంలో చేరి ఆదాయపు పన్ను కట్టాడు, ఈమె పింఛను ఆగిపోయింది. వేరు కాపురమని చూపిస్తే మళ్లీ వస్తుందని ఎవరో చెప్పారట.

ఒకటో తేదీ తెల్లారక ముందే మొహం కడుక్కుని గడపలో కూర్చునేది మా పెద్దమ్మ. 2024 జులై నుంచి నెలకు 4,000. బీపీ మాత్రలకు పోను మిగిలింది కొంగున ముడేసుకునేది, మనవడు బడికి పోతుంటే ముడి విప్పి ఇరవై చేతిలో పెట్టేది. ఇప్పుడు మాత్రలకు కూడా కొడుక్కి ఫోన్ చేయాలి. వాడు కాదనడు. అయినా అడగడానికి ఆమెకు నోరు రాదు.

ఒకే పొయ్యి, ఒకే కప్పు ఉంటేనే ఉమ్మడి కుటుంబం కాదనీ, వేరుగా ఉన్నా ఆస్తి, బాధ్యత, రాకపోకలు కలిసుంటే అదీ ఉమ్మడేననీ సమాజశాస్త్రవేత్త ఐ.పి. దేశాయ్ 1960ల్లోనే చెప్పారు. క్లాసులో ఏటా చెప్పే పాఠమే. మన పింఛను నిబంధనలకు మాత్రం రేషన్ కార్డే కుటుంబం. కార్డులో ఒకరు పన్ను కట్టినా, ఇంటి కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటినా అందరికీ దెబ్బే. కలిసున్నందుకు నష్టం, విడిపోతే లాభం అయితే ఇళ్లు కాగితం మీద విడిపోతాయి. కాగితం మీద మొదలైంది మనసుల దాకా పోకుండా ఉంటుందా అన్నదే నా భయం.

పిల్లల విషయంలో మీ ప్రభుత్వమే దారి చూపింది. గత ప్రభుత్వపు అమ్మ ఒడి పథకంలో తల్లికి ఒక్క బిడ్డకే డబ్బు వచ్చేది. 2025లో తల్లికి వందనం కింద చదివే ప్రతి బిడ్డకూ ఇచ్చారు. పెద్దదానికా చిన్నదానికా అన్న మాట ఇళ్లలో పోయింది. ముసలివాళ్ల దగ్గరా అట్లే మనిషినే లెక్కపెట్టండి. అరవై దాటిన మనిషి సొంత సంపాదన, సొంత ఆస్తి చూడండి. కొడుకు జీతం, కోడలి పేరున ఉన్న మీటరు ఆ లెక్కలోకి తేవద్దు. ఇప్పటికే ఆపిన పింఛన్లు ఈ కొలతతో మళ్లీ పరిశీలించమని సచివాలయాలకు ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు, తిరుపతి