లేసు అల్లికదారుల సంఘం: 2025 వార్షిక నివేదిక

అక్కచెల్లెళ్లందరికీ నమస్కారం. రిపోర్టు మీటింగులో చదివి ఊరుకోకుండా వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టమని చాలామంది అడిగారు, అందుకే మాట్లాడినట్టే రాస్తున్నాను. జమాఖర్చులు ఆఫీసు గోడకి అంటించాం, వచ్చి చూసుకోండి, అర్థం కాకపోతే అడగండి.

ముందు రేటు సంగతి. ఏడాది పొడుగునా పోట్లాడుకున్నది దాని గురించే కదా. నరసాపురం చుట్టుపక్కల ఎప్పట్నుంచో ఏజెంటు దారం ఇస్తాడు, మనం అల్లి ఇస్తాం, పీసుకి ఇంత అని చేతిలో పెడతాడు. ఎంతసేపు పట్టిందో అతను అడగడు, మనమూ చెప్పం. గట్టిగా అడిగితే "వంటయ్యాక ఖాళీగా కూర్చుని చేసుకునేదే కదమ్మా" అంటారు. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇక్కడికొచ్చి చూసి రాసింది కూడా ఇదే, రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే ఆడవాళ్లని ఊరికే ఇంట్లో ఉండేవాళ్ల కింద లెక్కేస్తున్నారని. ఇన్నేళ్లయినా ఆ మాట మారలేదు.

అందుకని వేసవిలో చెయ్యి తిరిగినవాళ్లనీ కొత్తగా నేర్చుకున్నవాళ్లనీ పక్కపక్కన కూర్చోబెట్టి, సెల్‌ఫోన్‌లో టైం పెట్టి, ఒకే డిజైను టేబుల్ మ్యాటు అల్లించాం. విడి పువ్వులు అల్లడం ఒకెత్తు, వాటిని కలిపే అతుకుపని ఇంకో ఎత్తు, ఆ తర్వాత ఉతికి, గంజి పెట్టి, అంచులు లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టాలి. ఈ ఆఖరి పనికి ఇన్నాళ్లూ ఎవరూ పైసా ఇవ్వలేదు! ఎవరి టైము లెక్కలోకి తీసుకోవాలన్న దగ్గర పెద్ద గొడవైంది, చివరికి మరీ స్పీడు కాకుండా మరీ నిదానం కాకుండా అల్లేవాళ్లది పెట్టుకుని, ఎనిమిది గంటలు కూర్చుంటే 2025 ఉపాధి హామీ కూలి 307 రూపాయలకి తగ్గకుండా రావాలని తీర్మానం చేశాం. డబ్బు కూడా భర్త అకౌంటులో కాదు, అల్లిన మనిషి అకౌంటులోనే పడాలి.

ఆ రేటుకి ఒప్పుకోని ఆర్డర్లు వదులుకున్నాం. కొందరు ఆ నెలల్లో పని లేక పాత ఏజెంటు దగ్గరికే వెళ్లారు. వాళ్లని తప్పుపట్టం, ఇల్లు గడవాలి కదా, ఎప్పుడొచ్చినా చేర్చుకుంటాం.

దీనికి తోడు ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. మనం నేరుగా ఎగుమతి చెయ్యం, కానీ మన దగ్గర కొనే ఎక్స్‌పోర్టరు ఆపేస్తే దారం ఉండలు ఉన్నచోటే ఉంటాయి. అందుకే దసరా నుంచి ఇక్కడే అమ్ముడుపోయే బ్లౌజు అంచులు, గుమ్మం తోరణాలు, పిల్లల గౌన్ల కాలర్ల వైపు తిరిగాం. తోరణాలు బాగా పోయాయి, కాలర్లు అంతంతమాత్రం.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మన దగ్గర్లోనే తీరం దాటింది. మనుషులకేం కాలేదు, అదే పదివేలు. బీరువా కింది అరలోని తెల్ల లేసు చెమ్మ పట్టి పసుపు మరకలు పడింది. ఉతికినా పోనివాటిని టీ డికాషన్‌లో ముంచి లేత గోధుమరంగు చేశాం, మరకపడ్డ సరుకని చెప్పి ధర తగ్గించి అమ్మితే తెల్లవాటికన్నా ముందు అవే అయిపోయాయి. ఇప్పుడు ఆ రంగు కావాలని అడుగుతున్నారు, ఏం చెప్తాం!

ఇక జీఐ, అంటే ఈ సరుకు ఫలానా ఊరిదేనని చెప్పే భౌగోళిక గుర్తింపు. నరసాపురం లేసుకి 2024లో గుర్తింపు వచ్చింది కదా, మనమూ ఆ ముద్ర వేసుకోవచ్చు కదా అంటున్నారు. అలా కుదరదు, అధీకృత వినియోగదారులుగా నమోదు చేయించుకున్నవాళ్లే వాడాలి. మిషను లేసుని మన ఊరి పేరుతో అమ్ముతున్నారని తిట్టుకుంటాం, నమోదు కాగితాలు మాత్రం సగం మంది ఇవ్వలేదు. ఆధార్ జిరాక్సు, ఫొటోలు వచ్చే మీటింగుకి పట్టుకురండి. బస్సు కూడా ఇప్పుడు ఆడవాళ్లకి ఫ్రీయే, ఇంక సాకు లేదు.

ఇట్లు,
కార్యదర్శి