గుప్పెడు బియ్యం

ఒంగోలు,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

"పెళ్ళికీ చావుకీ తప్ప చర్చి గడప తొక్కని మనిషివి, ఇప్పుడు వారం వారం వెళుతున్నావట, ఆరోగ్యం బాగానే ఉందా నాన్నా?" అని మొన్న ఫోనులో అడిగావు. ఆ చివరి ముక్కకు నవ్వొచ్చింది. షుగరు అదుపులోనే ఉంది. చావు భయం పట్టుకోలేదు. ఫోనులో చెబితే మాట తేలిపోతుందని కాగితం తీశాను.

దీనికంతటికీ మూలింటి పెద్దమ్మే కారణం. నీకు గుర్తుండాలి. నువ్వు పదో తరగతిలో ఉన్నప్పుడు పొగాకు గోడౌను నుంచి వస్తూ మన అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్ళు తాగి వెళ్ళేది. దగ్గరికి వస్తే పొగాకు వాసనని నువ్వు ముక్కు మూసుకునేదానివి. ఇప్పటికీ అదే రేకుల గది. సీజనులో గ్రేడింగుకు వెళుతుంది, తక్కిన నెలల్లో రెండిళ్ళలో అంట్లు తోముతుంది. మోకాళ్ళు అరిగిపోయి చర్చిదాకా నడవలేకపోతోందని మీ అమ్మ నన్ను స్కూటరు తీయమంది. ఆరు నెలలపాటు నేను ఆమెను దింపి, గేటు బయట వేపచెట్టు కింద పేపరు చదువుకుంటూ కూర్చునే డ్రైవరునే.

ప్రతి ఆదివారం ఆమె ఒళ్ళో ఒక గుడ్డసంచి ఉండేది. ఒకరోజు స్పీడుబ్రేకరు దగ్గర దాని ముడి ఊడి బియ్యం రోడ్డు మీద పడ్డాయి. బండి ఆపించి, మోకాళ్ళ నొప్పితోనే వంగి, గింజ గింజా ఏరింది. ఎందుకింత అవస్థ అని విసుక్కున్నాను. "అవి నావి కావు నాయనా" అంది.

ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన చిన్న కుండలో వేస్తుందట. అది ఆదివారం కానుక. మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఆడవాళ్ళకు ఇది పాత అలవాటే. మా నాయనమ్మ కూడా చేసేది. కానీ నాయనమ్మ ఇంట్లో ధాన్యపు గాదె ఉండేది.

బ్యాంకులో ముప్పయ్యారేళ్ళు పనిచేసిన బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇంటికొచ్చి లెక్క వేశాను. ఒంటరి మనిషి కార్డుకు నెలకు ఐదు కిలోలు. రోజుకు ఒక్కసారే వండుకుంటుంది. గుప్పెడంటే యాభై గ్రాములనుకున్నా నెలకు కిలోన్నర. రాబడిలో పదో వంతు దేవుడికి ఇస్తున్నామని మనవాళ్ళు గొప్పగా చెప్పుకునే దశమ భాగం దాని ముందు ఏ మూలకు? ఐదు కిలోల్లో మూడో వంతుకు దగ్గర. నెలాఖరుకు చాలక నూకలు కొనుక్కుంటుంది. అంటే దేవుడికి బియ్యం, తనకు నూకలు. ఈ లెక్కంతా ఆమెకు అప్పజెప్పాను. "అంత అవుతుందా? నువ్వు చెబితే తెలిసింది" అని నవ్వింది. మరుసటి వారం సంచి ఏమీ తగ్గలేదు.

నాకు ముల్లు గుచ్చుకున్నది ఈ బియ్యం దగ్గరే. గుంటూరులో కాలేజీ చదివే రోజుల్లో, నాలుగు పుస్తకాలు చదివిన పొగరుతో, సెలవులకు వచ్చి భోజనాల దగ్గర మా నాయనమ్మతో, "మన పెద్దలు బియ్యానికి మతం మారినవాళ్ళేగా" అన్నాను. ఊళ్ళో ఇతరులు మమ్మల్ని అనే మాట అది. దాన్ని నేనే ఇంట్లోకి మోసుకొచ్చాను. ఆమె ఏమీ అనలేదు. నా కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

అప్పుడు చదవని చరిత్ర రిటైరయ్యాక చదివాను. 1876-78 నాటి కరువులో ఒంగోలు మిషన్ నడిపిన జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చూశాడు. కరువు సాయం నడిచిన ఆ రోజుల్లో, బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చి అడుగుతున్నా ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇంకా వెనక్కి వెళితే, తాళ్ళకొండపాడులో తోలుపని చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య కరువుకు దాదాపు పదేళ్ళ ముందే క్రైస్తవంలో చేరాడు. అప్పుడు ఎవరు ఏ బియ్యం పంచారు? చదువు కోసం, మనిషిగా చూస్తారన్న ఆశతో చేరినవాళ్ళూ ఉండే ఉంటారు. అది తప్పని నేననను. కానీ నేను అన్న మాట మాత్రం తప్పు. నాయనమ్మ లేదు, ఎవరికి చెప్పుకోను?

పెద్దమ్మ పేదరికాన్ని మెచ్చుకుంటున్నానని అనుకోకు. డెబ్బయ్యేళ్ళ మనిషి చీకటితో లేచి గోడౌనుకు పోవాల్సి రావడం మనందరికీ సిగ్గుచేటు. ఆమె కూడా అన్నిటికీ తల వంచే మనిషి కాదు. పోయిన సీజనులో కూలి పెంచలేదని గోడౌను ముందు కూర్చున్న ఆడవాళ్ళలో ముందు వరస ఆమెదే. ఆ రాత్రి మనింట్లో కుటుంబ ప్రార్థనలో ఆ యజమాని బిడ్డ పరీక్షల కోసం ప్రార్థన చేసింది! "అడిగితే కూలి పెరుగుతుందా పెద్దమ్మా?" అన్నాను, కొంచెం ఎత్తిపొడుపుగానే. "అడక్కపోతే పెరగదుగా నాయనా" అంది. దేవుణ్ణి అడగడమో యజమానిని అడగడమో నాకు తెలియలేదు. ఆమెకు ఆ రెండూ వేరు వేరు పనులు కావేమో.

సంక్రాంతి తరువాత ఒక ఆదివారం ఎండకు వేపచెట్టు కింద ఉండలేక లోపల చివరి బెంచీ మీద కూర్చున్నాను. ఆరాధన అయ్యాక కానుకల బియ్యం వేలం వేశారు. పాస్టరు అయ్యగారు ఆమె సంచి పైకెత్తి పాట మొదలుపెట్టారు. నేను చెయ్యెత్తాను. అరవై దగ్గర మొదలైన పాట రెండువందలకు నాకు ఖాయమైంది. మీ అమ్మ ఆ బియ్యమే వండింది. మధ్యలో తేలే గింజలు చూసి ప్లాస్టిక్ బియ్యమని పక్కింటివాళ్ళు కంగారు పెట్టారు. పోషకాలు కలిపిన గింజలవి అని చెప్పాల్సి వచ్చింది. అన్నం కాస్త ముక్కిన వాసన. నాయనమ్మ వడ్డించిన ఆ గరిటె గుర్తొచ్చి, మారు పెట్టించుకున్నాను.

నమ్మకం కుదిరిందా అంటే ఇప్పుడే ఏమీ చెప్పలేను. పాటలు సగం మరిచిపోయాను. ప్రసంగం సాగితే ఇప్పటికీ గడియారం చూస్తాను. బెంచీ మాత్రం చివరిది కాదు, మధ్యకు వచ్చాను.

ఇంకో సంగతి. వంటింట్లో నీ పాత బూస్టు డబ్బా కడిగి బియ్యం బస్తా పక్కన పెట్టాను. పొద్దున్నే నేనే ఒక గుప్పెడు తీసి వేస్తున్నాను. నా చెయ్యి ఆమె చేతికంటే పెద్దదే. మూడు వారాలైంది, డబ్బా ఇంకా సగానికి రాలేదు. తీసేటప్పుడు వేళ్ళు ఎక్కడో బిగుసుకుంటున్నాయి. మీ అమ్మ చూసి నవ్వుతోంది.

క్రిస్మస్‌కు వచ్చేటప్పుడు మోకాలికి తొడుక్కునే పట్టీలు ఒక జత తీసుకురా. కొలత ఫోనులో పంపుతాను.

నాన్న