గ్రంథపాలకులను సదస్సులకు పంపండి

సంపాదకులకు నమస్కారం. గ్రంథాలయంలో పుస్తకాల జాబితా, ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క చూసే కోహా సాఫ్ట్‌వేర్ వాడే గ్రంథపాలకుల ప్రాంతీయ సదస్సుకు ఈమధ్యే వెళ్లొచ్చాను. న్యూజిలాండ్‌లోని హోరోవెనువా గ్రంథాలయాల కోసం తయారై 2000 జనవరిలో వాడకంలోకి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది, మావోరీ భాషలో కోహా అంటే కానుక. లైసెన్సు ఫీజు లేదు కాబట్టి మాలాంటి చిన్న కాలేజీలకు అదే దిక్కు, కాకపోతే బ్యాకప్ తీయడం, కొత్త వెర్షన్‌కు మారడం ఎవరో ఒకరు నేర్చుకోవాల్సిందే.

నేను ఉపన్యాసాల్లో కంటే భోజనాల దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను. మా కేటలాగులో తెలుగు పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉన్నాయి, ‘కథలు’ అన్న మాటను ఒకరు టీహెచ్‌తో, ఇంకొకరు డీహెచ్‌తో కొట్టడం వల్ల పుస్తకం బీరువాలో కళ్లెదుటే ఉన్నా కంప్యూటర్లో దొరకదు. పక్కన కూర్చున్న మేడమ్ చెయ్యి కడుక్కొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి, పుస్తకం రికార్డులో వేరే లిపిలో వివరాలు రాసుకునే 880 ఫీల్డు అనే గడిలో తెలుగు లిపిలో పేరు ఎలా ఎక్కించాలో చూపించారు. తెలుగులో వెతకగానే పుస్తకం వచ్చేసింది! ఎన్నేళ్లుగా పిల్లల్ని ‘లేదు’ అని తిప్పి పంపామో అని బాధేసింది.

ఇంత పనికొచ్చే సదస్సుకు నేను సెలవు పెట్టుకుని, సొంత బస్సు చార్జీలతో వెళ్లాను. అక్కడ చాలామందిదీ ఇదే పరిస్థితి. కాలేజీలు, గ్రంథాలయ సంస్థలు ఏడాదికి ఒక్కసారైనా మమ్మల్ని ఆన్‌డ్యూటీ మీద పంపాలి, నిర్వాహకులు కూడా ఒక పూటైనా తెలుగులో శిక్షణ పెట్టాలి.

– ఒక కళాశాల గ్రంథపాలకురాలు